నేల కనబడని పూట

పాంబన్ కాలువ దాటిన శుక్రవారం పొద్దున వెంకటపతి మూడు కుండల మంచినీళ్లు కోడె వీపు మీద కుమ్మరించాడు. కొబ్బరి పీచుతో ఒళ్లంతా రుద్దాడు. తోకకుచ్చు విడదీసి చిక్కు తీశాడు. కొమ్ములకూ నుదుటికీ పసుపు పూశాడు. ఇరవై ఆరు రోజుల సముద్రపు ఉప్పు పేరుకొని బూడిదరంగుకు తిరిగిన జంతువు ఒక గడియలో మళ్లీ తెల్లగా తేలింది. తెరచాప తోణి మీది కళాసులు చేతిలో పని ఆపి ఈ వైభోగం చూశారు. తాము చెంబుతో కొలుచుకొని తాగే నీళ్లు ఎద్దు డొక్కల మీదుగా జారి తోణి అడుగుకు పోతుంటే ఒకడు నవ్వాడు, ఇంకొకడు చూడలేక తల తిప్పుకొన్నాడు.

"ఏమి నాయకరే, పెండ్లికొడుకా?" అన్నాడు నవ్వినవాడు.

"పెండ్లికొడుకే. మా ఊళ్లో ముప్పై ఆవులు కాసుకొని ఉండాయి," అన్నాడు వెంకటపతి, చెయ్యి ఆపకుండానే.

కొత్త పశువును సొంత గడ్డకు తెచ్చేటప్పుడు మంచినీళ్లతో కడిగి, పసుపు పెట్టి, అప్పుడే నేల మీద కాలు పెట్టనివ్వాలని వాళ్ల ఇళ్లలో ఆచారం. కడిగేది శుక్రవారం అయితే మరీ మంచిది. తోణి నడిపే సవరిముత్తు తండేలు "రేపు పొద్దు కుంకేలోపల తూత్తుకుడి" అని ఆ తెల్లవారే చెప్పి ఉన్నాడు. రేపు శనివారం, ఇవాళ శుక్రవారం, కనక ఇవాళే కడగాలి. సముద్రం మీద రేపు అనే మాటకు పొలం మీద ఉన్నంత విలువైనా లేదని వెంకటపతికి తెలియదు. పొలం మీద ఎంత ఉందో మాత్రం తెలుసు, అయినా నమ్మాడు. పాంబన్‌లో నింపిన అయిదు కుండల్లో ఇక రెండు మిగిలాయి.

వెంకటపతికి యాభై దాటాయి. ఊరు మదురై సీమలో వాడిపట్టికి రెండు కోసుల దూరం. రెండేళ్ల కిందట మాయరోగం తగిలి ఊరి పశువుల్లో సగం పోయాయి, వాటితోపాటు ఆబోతూ పోయింది. మళ్లీ మంద నిలవాలంటే ఒంగోలు సీమ కోడె రావాలన్నారు పెద్దలు. ఎన్ని తరాల కిందటో తమవాళ్లు దిగివచ్చింది ఆ వైపునుంచేనని వాళ్ల నమ్మకం. ఏ ఊరినుంచో ఎవరికీ తెలియదు గాని అక్కడి కోడెల సంగతి మాత్రం బాగా తెలుసు. అంతకుముందు ఒకసారి దారిన నడిపించుకొచ్చిన కోడె నెల్లూరు దాటకముందే చచ్చింది. ఈసారి తోణి మీద తేవాలనుకొన్నారు. పశువును చూడగానే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలవాడు ఊళ్లో వెంకటపతి ఒక్కడే కాబట్టి అతన్ని పొమ్మన్నారు.

పేచీ అక్కడే వచ్చింది. సముద్రం దాటినవాడికి కులంలో తప్పు అంటుతుంది, వాడు ఇక పాత మనిషిగా ఉండడు. ఊరి పెద్ద వెంకటసామి నాయకర్ మూడు రోజులు ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. ఒడ్డు కంటికి కనబడుతున్నంతవరకు అది ఏట్లో పోయినట్టే లెక్క. నేల మరుగైన పూటనుంచే సముద్రం. రాత్రి చీకట్లో కనబడకపోతే అది కంటి తప్పు, తోణి తప్పు కాదు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పగలు నేల చూస్తూనే ఉండాలి. తిరిగివచ్చాక కంబళి మీద కూర్చున్న పెద్దల ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యాలి. చెయ్యలేకపోతే నాలుక కాల్చి మళ్లీ పంక్తిలో కలుపుకొంటారు, కాని పొన్నేరు మాత్రం పోతుంది. అది అతని పినతండ్రి కొడుకు అప్పసామికి చెందుతుంది.

చైత్రంలో, వాళ్ల చిత్తిరై నెలలో, ఊరి నాగళ్లన్నీ వరుసకట్టి ఒక పొలంలో దిగే పూటను పొన్నేరు అంటారు. ముందు నాగలి వెంకటపతి ఇంటిది. తాత పట్టాడు, తండ్రి పట్టాడు, ఇరవై రెండేళ్లుగా తను పడుతున్నాడు. ఆ మొదటి సాలు పడనిదే ఊళ్లో ఎవడూ మేడి ముట్టుకోడు. ఏడాది పొడుగునా అతను నలుగురిలో ఒకడు. మాట చాతుర్యం లేదు, చెప్పుకోదగ్గ పొలం లేదు, ఇంట్లో కూడా భార్య వీరాయి మాటే చెల్లుతుంది. ఆ ఒక్క పూట మాత్రం ఊరంతా అతని వెనక నడుస్తుంది. అది తప్ప తనకంటూ ఈ లోకంలో ఏమీ లేదని అతను ఎన్నడూ పైకి అనలేదు. అయితే అతనికి ఆ సంగతి బాగా తెలుసు.

అందుకని శ్రావణంలో, వాళ్ల ఆవణి నెలలో, బయలుదేరింది మొదలు అతని కళ్లు కుడి ఎడమల ఒడ్డునే పట్టుకొని ఉన్నాయి. పోయేటప్పుడు నేల ఎడమ చేతివైపు, వచ్చేటప్పుడు కుడివైపు. ఒంగోలు సీమలో నాలుగు నెలలు తిరిగి ఈ కోడెను ఏరుకొన్నాడు. అక్కడివాళ్లు అతని తెలుగు విని ఇది ఏ దేశపు మాట అని అడిగారు. అతనికి ఒళ్లు మండింది. అతని చెవికి వాళ్ల తెలుగే వింతగా ఉంది. కొత్తపట్నంలో తోణి ఎక్కేముందు తండేలు చేత కూడా ఒట్టు వేయించుకొన్నాడు, తన మాట లేనిదే పగటిపూట ఒడ్డు విడవకూడదని.

సాక్షిగా వీరాయి తమ్ముడు అయ్యసామిని పంపారు. సాక్షి అనేవాడు ఎవరి పక్షం కానివాడై ఉండాలని పెద్దలకు తోచలేదు, కళ్లున్నవాడైతే చాలనుకొన్నారు. ఆ కళ్లు కూడా తోణి కదిలిన రోజునుంచి మూతబడే ఉన్నాయి. అయ్యసామి దుప్పటి కప్పుకొని ఆముదపు బస్తాల పక్కన పడుకొని, కడుపులో ఉన్నదీ లేనిదీ కక్కుతూ ఇరవై ఆరు రోజులు గడిపాడు.

శుక్రవారం సాయంత్రందాకా తోణి బాగానే నడిచింది. కుడివైపు తాటిచెట్ల వరుస, దాని కింద తెల్లటి ఇసుక గీత కనబడుతూనే ఉన్నాయి. శనివారం పొద్దున తెరచాప ఒక్కసారి దబదబ కొట్టుకొని వెనక్కి పొంగింది. సవరిముత్తు ముఖం మాడ్చుకొని గాలివైపు చూశాడు.

"కచ్చాన్ వచ్చేసింది నాయకరే. ఇంకా నెల పోయి రావల్సిన గాలి," అన్నాడు. కచ్చాన్ అంటే నైరుతి గాలి. తూత్తుకుడి కూడా ఆ దిక్కునే ఉంది.

మనుషులు లేని ఒక దీవి చాటుకు తోణిని చేర్చి లంగరు వేశారు. దీవి వెనక, కేకవేస్తే వినబడేంత దూరంలో కాకపోయినా, నేల కనబడుతూనే ఉంది. గాలి తిరిగేవరకు కదలేది లేదన్నాడు తండేలు. వెంకటపతికి మొదట పెద్ద బాధ అనిపించలేదు. నేల కనబడుతున్నంతకాలం అతనికి అన్నీ బాగున్నట్టే. మధ్యాహ్నానికి కోడె రెండో కుండ ఖాళీ చేసి మూతి ఇంకా కుండలోనే పెట్టి నాకుతుంటే అప్పుడు అతను కుండలు లెక్కబెట్టాడు. ఫాల్గుణం నాటి పంగుని నెల ఎండ. కోడె రోజుకు రెండు కుండలు తాగుతుంది. మిగిలిన మూడు కుండలు నిన్న దాని వీపు మీదనుంచి కారిపోయాయి.

కళాసులు దీవిలో రెండు చోట్ల తవ్వి చూశారు. ఉప్పునీళ్లే పడ్డాయి. చిన్న పడవ ఉంటే ఒడ్డుకు పోయి తేవచ్చుగాని అది నాగూరు దగ్గర అలల్లో కొట్టుకుపోయింది. తోణిని ఒడ్డుకు తీసుకుపోదామంటే మధ్యలో నీటి కింద రాతిపార ఉంది, నిండు సరుకుతో దానిమీద కూర్చుంటే మళ్లీ లేవదు. ఈ గాలిలో జాలర్ల కట్టుమరాలు కూడా బయటికి రాలేదు. ఆదివారమంతా వెంకటపతి తన వంతు చెంబు నీళ్లు, అయ్యసామి వంతు చెంబు నీళ్లు కోడెకే పట్టాడు. సవరిముత్తు అడగకుండానే కళాసుల జాడీలోనుంచి రెండు చెంబులు పోశాడు. శుక్రవారం నవ్వినవాడు ఇప్పుడు నవ్వలేదు, తన చెంబు కూడా తెచ్చి ఇచ్చాడు. వెంకటపతికి అప్పుడు వచ్చినంత సిగ్గు బతుకులో ఎన్నడూ రాలేదు.

సోమవారం పొద్దుటికి కోడె పడుకొని ఉంది. అదిలించినా లేవలేదు. నెమరు లేదు, ముట్టె ఎండిపోయి చెక్కలా ఉంది, కళ్లు లోపలికి పోయాయి. వెంకటపతి దాని చెవి పట్టుకొని చూశాడు. ఇంకో రోజు అనుకొన్నాడు. ఇంకో రోజు కూడా అనుమానమే.

సవరిముత్తు వచ్చి పక్కన కూర్చొన్నాడు. "నాయకరే, ఒక దారి ఉండాది. ఈ గాలిని పక్కన పెట్టుకొని దక్షిణంగా కడల్లోకి పోదాం. బాగా లోపలికి. అక్కణ్ణుంచి మళ్లించితే నేరుగా తూత్తుకుడి. ఇప్పుడు లంగరు ఎత్తితే సాయంత్రానికి కరై, ఒడ్డు."

"నేల?"

"ఉచ్చి పొద్దుకు, నడి మధ్యాహ్నానికి, ముందూ వెనకా కనబడదు. ఒక పూట." తండేలు కోడె వైపు చూశాడు. "నీకు మాట ఇచ్చినాను. నీవు చెప్పందే నేను కరై విడవను. గాలి రేపు తిరగవచ్చు. వారం పట్టవచ్చు."

వెంకటపతి లేచి అయ్యసామి దగ్గరికి పోయాడు. విషయమంతా చెప్పాడు. అయ్యసామి దుప్పటిలోనుంచి తల మాత్రం బయటపెట్టి విన్నాడు. మనిషి సగమయ్యాడు, గడ్డం మాసి ముఖం పాలిపోయి ఉంది. అయినా తెలివి ఎక్కడికీ పోలేదు.

"ఏం సేద్దాం సెప్పు," అన్నాడు వెంకటపతి.

"నన్ను అడగొద్దు బావా. నేను సూస్తే, సూస్తిని అని సెప్పాల. సూడకపోతే సెప్పే పన్లే." దుప్పటి అంచు పైకి లాక్కొన్నాడు. "నా మొగం మీద బాగా కప్పు. సాయంత్రం తూత్తుకుడిలో లేపు. అంతే."

"నా కండ్లు ఎవడు కప్పుతాడు రా?"

అయ్యసామి దుప్పటి కింద అటు తిరిగి పడుకొన్నాడు.

వెంకటపతి తిరిగివచ్చి కోడె దగ్గర నిలబడ్డాడు. ఊళ్లో ముప్పై ఆవులున్నాయి, ఈ కోడె లేకపోతే వచ్చే ఏడు దూడల్లేవు. ఆ పై ఏడు కాడికి ఎద్దుల్లేవు. ఎద్దులే లేకపోతే ముందు నాగలి ఎవరిదైతే ఏం అని ఒక మనసు అంది. ఎవరిదైతే ఏం కాదు, అది నాది అని ఇంకో మనసు అంది. రెండోదే గట్టిగా అంది. ఈ కోడెను చంపుతున్నది కచ్చాన్ గాలి కాదు, తన చేతులతో పోసిన మూడు కుండలు. ఆ సంగతి అతను ఎటు తిరిగినా ఎదురుగా వచ్చి నిలబడుతోంది.

"ఎత్తు లంగరు," అన్నాడు. అనగానే ఏడుపొచ్చింది. ఎవరికీ కనబడకుండా తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకొన్నాడు.

తోణి ఒకపక్కకు వాలి దక్షిణంగా పరుగెత్తింది. వెంకటపతి తోణి వెనకభాగంలో తాడు పట్టుకొని నేలవైపే తిరిగి నిలబడ్డాడు. ముందు ఇసుక గీత పోయింది. తాటిచెట్ల మొదళ్లు పోయాయి. తలలు మాత్రం నీళ్ల మీద నిలబడ్డట్టు కాసేపు ఉన్నాయి. అవి చుక్కలయ్యాయి. కళ్లు నులుముకొని మళ్లీ చూశాడు. లేవు. ఒక్క చెట్టు తలైనా ఉందేమోనని మునివేళ్ల మీద లేచాడు, పక్కనున్న బస్తా ఎక్కాడు. నాలుగు దిక్కులా నీళ్లు, పైన ఆకాశం, మధ్యలో ఆముదపు బస్తాలు, ఒక ఎద్దు, దుప్పటి కింద ఒక బావమరిది.

ఏదో జరుగుతుందని అతను అనుకొన్నాడు. ఏం జరుగుతుందో తెలియదు గాని, తాతలనాటి నుంచి ఇంతమంది ఇంతగా భయపడ్డది ఉత్త ఊరికేనా? ఒళ్లు వణుకుతుందనుకొన్నాడు, కళ్లు తిరుగుతాయనుకొన్నాడు, లోపల ఎక్కడో ఏదో తెగినట్టు తెలుస్తుందనుకొన్నాడు. ఏమీ జరగలేదు. కళాసులు చేపల పులుసు కాచుకొన్నారు. ఒకడు తోణికి కన్నం పడ్డచోట పీచు కూరుతూ ఏదో కూనిరాగం తీశాడు. వెంకటపతికి ఆకలి కూడా వేసింది. నిజానికి అదే అతన్ని ఎక్కువ కంగారు పెట్టింది. ఏమీ జరగనిదానికి తను ముందు నాగలి ఇచ్చుకోబోతున్నాడు.

పొద్దు వాలాక తెరచాప మళ్లించారు. మరో రెండు గడియలకు పడమటి అంచున సన్నటి మసి గీత లేచింది. దీపాల వేళకు ముందే తూత్తుకుడి రేవులో ఉన్నారు. కోడెను మోకులు కట్టి దించారు. రేవులో నీళ్లమ్మే ముసలావిడ కుండ దాని మూతి దగ్గర పెడితే ముందు మూతి ముంచి ఊరికే ఉండిపోయింది. తర్వాత తాగింది. కుండ తర్వాత కుండ తాగింది. వెంకటపతి దాని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. ఆ గుటకల చప్పుడు వింటున్నంతసేపు మాత్రం అతనికి సంతోషంగానే ఉంది.

అయ్యసామి దుప్పటి మడిచి చంకన పెట్టుకొని వచ్చాడు. "నేల వస్తే లేపమంటిని, లేపితివి. నాకు తెలిసింది అంతే బావా," అన్నాడు.

ఇంటికి పది రోజుల నడక. కోడె కోలుకొంటూ నడిచింది, వాళ్లూ దాని నడకనే నడిచారు. దారి పొడుగునా అయ్యసామి అదే పాఠం చెప్పాడు. కర్పూరం ఆర్పేది ఒక్క క్షణం, చేతికి కాలను కూడా కాలదు, తండేలు సముద్రం మీద బతికే పరవ కులంవాడు, వాడిని ఎవరూ వాడిపట్టిదాకా వచ్చి అడగరు. వెంకటపతి కాదనలేదు. చెప్పవలసిన మాట అతను కూడా మనసులో కూర్చుకొన్నాడు. "నేల కంటికి మరుగు కాలే." నాలుగే మాటలు. విరుదుపట్టి దాటేసరికి నోటికి వచ్చేశాయి. మదురై దాటేసరికి నిజమే అనిపించడం మొదలైంది.

ఊరు చేరిన రోజు వీరాయి కోడెకు దిష్టి తీసింది, మొగుడికి తియ్యడం మరిచిపోయింది. మర్నాడు పొద్దున కంబళి పరిచారు. పెద్దలు అయిదుగురు కూర్చొన్నారు. నడుమ రాతిపలక, దాని మీద కర్పూరం. ఊరంతా చుట్టూ నిలబడింది. అప్పసామి కూడా ఉన్నాడు, తల వంచుకొని, కాలి బొటనవేలితో మట్టి గీస్తూ.

ముందు సాక్షిని అడిగారు. "నేను కన్ను తెరిసి సూసినప్పుడల్లా నేల ఉండింది పెద్దాయనా. అమ్మోరి ఆన," అన్నాడు అయ్యసామి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. వెంకటసామి నాయకర్ తృప్తిగా తల ఊపాడు. కోడెను అందరూ అప్పటికే చూశారు, అందరి మనసులూ నిండి ఉన్నాయి.

"నీవు రా వెంకటపతీ. నేల మరుగాయనా?" కర్పూరం వెలిగించారు. "లేదని సెప్పి ఆర్పు, ఇంటికి పో. ఎండ ఎక్కుతాండాది," అన్నాడు ముసలాయన, దాదాపు బతిమాలుతున్నట్టు.

వెంకటపతి చెయ్యి చాచాడు. నాలుగు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. అయితే ఆ మంట వైపు చూస్తుంటే వచ్చే ఆషాఢం, ఆడి నెల, గుర్తొచ్చింది. మూడేళ్లకొకసారి వాన ఎగ్గొట్టడం ఆ ఊరికి కొత్త కాదు. అట్లా ఎగ్గొట్టినప్పుడు ఊరంతా ఆకాశం వైపు చూస్తుంది. ఇక మీదట తను మాత్రం మొదటి సాలు దున్నిన తన చేతుల వైపు చూసుకోవాలి. ప్రతి ఏడూ చూసుకోవాలి. అది తన వల్ల కాదని అతనికి అక్కడే, ఆ క్షణమే తెలిసింది.

"మరుగాయె," అన్నాడు. "పాంబన్ దాటినాక, సోమవారం, ఒక పూట. నేనే పొమ్మంటిని."

కర్పూరం దానంతటదే కాలి ఆరిపోయింది. వెంకటసామి నాయకర్‌కు కోపం వచ్చింది.

"నిన్ను ఎవరురా సెప్పమనిరి?"

"మీరే అడిగితిరి."

"అడగాల కాబట్టి అడిగితిమి!" ముసలాయన చేతికర్రతో కంబళి మీద కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు వెంకటపతి వైపు నిజంగానే చిరాకుగా చూశారు. అంత దూరం నుంచి కోడెను తెచ్చినవాడి మీద ఇంత శిక్ష వెయ్యవలసి వచ్చినందుకు వాళ్లకు బాధగా ఉంది, ఆ బాధ పెట్టింది అతనే. వీరాయి ఆ సాయంత్రందాకా అతనితో మాట్లాడలేదు.

మాట మాటే. బంగారు తీగ కాల్చి నాలుక మీద పెట్టారు. మూడు రోజులు గంజి తాగాడు. నాలుగో రోజు పంక్తిలో కూర్చోబెట్టుకొన్నారు. కోడెకు కులం లేదు కనక దానికి ఏ తప్పూ అంటలేదు. ముందు నాగలికి దాన్నే కట్టాలని అందరూ అనుకొన్నారు, దాని మీద చర్చ కూడా జరగలేదు.

పొన్నేరు నాడు పదకొండు నాగళ్లు వరుసగా నిలిచాయి. వెంకటపతిది చివరిది. ముందు నాగలి దగ్గర అప్పసామి నిలబడ్డాడు, కొత్త పంచె, కొత్త తలగుడ్డ. అప్పసామి చెడ్డవాడు కాదు, ఈ గౌరవం అడగనూ లేదు. కోడెను అదిలించగానే అది అతని చేతి కింద కొన్నేళ్లుగా నడుస్తున్నట్టు మెత్తగా కదిలింది. వెంకటపతి తన కోసం కాకపోయినా ఒక్క అడుగైనా మొరాయిస్తుందని కాచుకొన్నాడు. మొరాయించలేదు. అతనికి దాని మీద పట్టరాని కోపం వచ్చింది.

ఇరవై అడుగులు పోయాక సాలు వంకర తిరగడం మొదలైంది. అప్పసామి మేడిని గుండెకు హత్తుకొన్నట్టు బిగించి పట్టుకొన్నాడు. ఊరు ఊరంతా అది చూస్తోంది. వెంకటపతి ఉండబట్టలేకపోయాడు.

"మేడి బిగబట్టొద్దురా అప్పసామీ! సెయ్యి వదులు!"

ఎవరూ వెనక్కి తిరగలేదు. అప్పసామి చెయ్యి వదులు చేశాడు. నాగలి కర్రు ఒకసారి ఊగి, సర్దుకొని, తిన్నగా పోయింది. నల్ల రేగడి రెండు పక్కలా విడిపోతుంటే ఆ సాలు పొలం అవతలి గట్టుదాకా సాగింది. ఇరవై రెండేళ్లలో వెంకటపతి మొదటి సాలును ఎన్నడూ ఇట్లా చూడలేదు. ముందు నడిచేవాడికి అది కనబడదు. ఇంతకాలం మిగతావాళ్లు చూసింది ఇదన్నమాట. అంత బాగుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

పది నాగళ్లు దిగాక అతని వంతు వచ్చింది. మేడి పట్టుకొని, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, అందరూ వస్తున్నారా అని ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ఎద్దులను అదిలించాడు.